రొయ్య పడని ఇల్లు

పదిహేను రోజులకొకసారి, ఆదివారం పొద్దున, ఫ్రిజ్‌లోంచి సూది తీసి బల్ల మీద పెడతాను. చల్లగా ఉండగానే పొడుచుకుంటే మంట ఎక్కువ, అందుకని పావుగంట ఆగాలి. ఆ పావుగంట చేసే పనేమీ ఉండదు. మా ఆవిడ ఆ కాసేపు నా ముందుకు రాదు. వస్తే ఏదో ఒక పాత సంగతి ఎత్తుతానని ఆమెకు తెలుసు. తర్వాత చేతులు కడుక్కుని, పొట్ట మీద బొడ్డుకి కాస్త ఎడంగా స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరాక చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సూది దించుతాను. మందు నెమ్మదిగా ఎక్కించాలి. వాడిన సూదిని మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుడతాను. రెండేళ్ళు దాటింది ఇలా. ఇంకెన్నాళ్ళని డాక్టరమ్మను ఒకసారి అడిగాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

నాది పుట్టుకతో వచ్చిన వాపు జబ్బు. ఒంట్లో ఉండవలసిన ఒక ప్రోటీను తక్కువగా ఉంటుంది. దానివల్ల ఒకరోజు పెదవి, ఒకరోజు చెయ్యి, ఒకరోజు కన్ను ఉబ్బిపోతాయి. దురద ఉండదు, దద్దురు ఉండదు. రెండు మూడు రోజులుండి, వచ్చినట్టే పోతుంది. పేగులకు వస్తే నేల మీద పడి దొర్లేంత నొప్పి. గొంతుకు వస్తే ఊపిరి ఆడదు. నేను వేసుకునే సూది వచ్చిన వాపును తీసెయ్యదు. రాకుండా కాస్తుంది, అదీ చాలావరకే. ఈ మధ్య ఈ తేడా మా వాళ్ళకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఇదంతా తెలియడానికి నాకు నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. అంతవరకు నా జబ్బు పేరు రొయ్య.

తొమ్మిదేళ్ళప్పుడు మా బంధువుల పెళ్ళిలో రొయ్యల వేపుడు తిన్నాను. సాయంత్రానికి పై పెదవి అరటిపండంత అయింది. మా మేనత్త నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "వీడికి రొయ్య పడలా" అని తేల్చేసింది. ఆ తర్వాత రొయ్య తినకుండానే ఎన్నోసార్లు వాచాను. అప్పుడు "రొయ్యలు వండిన గిన్నెలో పప్పు వండుంటారు" అన్నారు, "గాలికి వాసన తగిలుంటుంది" అన్నారు. మా సముద్రపు గట్టున రొయ్య వాసన లేని గాలి ఎక్కడుంది?

పెళ్ళిళ్ళలో నన్ను బంతి చివర కూర్చోబెట్టేవాళ్ళు. ఒక పెళ్ళిలో మా పెదనాన్న కొడుకు వడ్డించేవాళ్ళ వైపు తిరిగి, "వాడి ఆకులో రొయ్య వెయ్యబాకండి, మళ్ళా మనం మోసుకపోవాల" అని అరిచాడు. పందిట్లో అందరూ నవ్వారు. ఆ పెళ్ళికొడుక్కిప్పుడు మనవలు. ఆ మాట అన్నవాడికి గుర్తుండదు. నాకు ఆ రోజు వాడు వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది.

విచిత్రమేమిటంటే నా ఉద్యోగమే రొయ్యల షెడ్డులో. తోటపల్లి గూడూరు దగ్గర గుంటల నుంచి వచ్చే సరుకు కాటా వేసి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో కౌంటు రాసుకోవడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రొయ్యలే చూస్తున్నాను. ఒకరోజు కుడిచెయ్యి వాచి పెన్ను పట్టుకోలేకపోతే, షెడ్డు యజమాని పనివాళ్ళందరి ముందు అన్నాడు: "రొయ్య పడనోణ్ణి తెచ్చి రొయ్యల షెడ్డులో పెట్టుకున్నా. తప్పు నాది." నేను ఉత్తరం రాశాను. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలని రాశాను. ఆయన నన్ను గదిలోకి పిలిచి, "పోనీలే, ఏదో అన్నా" అన్నాడు. గదిలో కుదరదన్నాను. ఏడు నెలలు పట్టింది. చివరికి విసిగిపోయి, ఐసు కొట్టే ఆడవాళ్ళ దగ్గర్నుంచి వ్యాను డ్రైవర్ల దాకా నిలబడి వింటుండగా, "ఆ మాట వెనక్కి తీసుకుంటుండా" అన్నాడు. ఈ సంగతి మా అక్క ఉండే మైపాడు దాకా పాకింది. చాలామంది నన్ను తిక్కవాడన్నారు. నేను మాత్రం ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను.

నెల్లూరులో ఒక సర్జను కడుపునొప్పికి అపెండిక్సు అని పొట్ట కోశాడు. తీరా కోశాక అది బాగానే ఉందట. "మీరు మనసులో ఎక్కువ పెట్టుకుంటారనుకుంటా, దానివల్ల కూడా నొప్పి వస్తుంది" అన్నాడు. మనసులో పెట్టుకుంటాననే మాట నిజమే, ఆ కోతతో సహా. ఆ ఆసుపత్రికి రాసిన రెండు ఉత్తరాల నకళ్ళు బీరువాలో ఉన్నాయి. జవాబులు లేవు.

ఇన్ని గుర్తుపెట్టుకున్నవాణ్ణి, నేను అన్న ఒక మాటను మాత్రం చాలా ఏళ్ళు పక్కకు నెట్టేశాను.

అమ్మకు కూడా చేతులు, కాళ్ళు వాచేవి. ఆమె వాతమనుకునేది. వేడినీళ్ళ కాపడం పెట్టుకుని పనిలో పడేది. పద్నాలుగేళ్ళ కిందట అమ్మ మైపాడులో మా అక్క ఇంటికి నాలుగు రోజులుందామని వెళ్ళింది. అక్కకు నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. బావ అక్కడ రొయ్యల గుంటలు చేస్తాడు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ గొంతు మారింది. మాట బొంగురుపోయింది, తర్వాత గాలి అందలేదు. పక్కనున్న ఆర్‌ఎంపీ అలర్జీ సూది వేశాడు, పని చెయ్యలేదు. ఆటోలో నెల్లూరు తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఆ పూట అక్క వండింది రొయ్యల కూర.

అమ్మ పోయిన పదకొండో రోజు, అక్క ఇంట్లో బంధువులందరూ ఆకుల ముందు కూర్చున్నాక, నేను నిలబడి అన్నాను. "నాకు రొయ్య పడదని ఊరంతటికీ తెలుసు. కొడుక్కి పడనిది తల్లికి పడతాదా అని ఆలోచించలా. అమ్మ పోయింది నీ కూరతో, అక్కా."

నిజానికి అమ్మ జీవితమంతా రొయ్యలు తిన్నది. ముళ్ళు లేని కూర అని ఇష్టంగా తినేది. ఆ సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. గుర్తు రానివ్వలేదు అనడం సరైన మాట.

అక్క చేతిలో ఉన్న కూర గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో రొయ్య వండలేదు. మొగుడు రొయ్యలు పెంచి లారీలకెక్కిస్తాడు, ఇంటి గడపలోకి మాత్రం ఒక్కటి రాదు. ఏటా అమ్మ పోయిన రోజున ఫోటో ముందు ఆకు వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ పెడతారు: గారెలు, కోడికూర, మామిడికాయ వేసిన చేపల పులుసు. రొయ్య ఉండదు. ప్రతి ఏడూ నేను వెళ్ళి, ఆ ఆకు చూసి, తిని వచ్చేవాణ్ణి. మా మధ్య మాటలు, "బాగుండావా" దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేవి.

మూడేళ్ళ కిందట మళ్ళీ కడుపునొప్పి వచ్చి నెల్లూరులో వేరే ఆసుపత్రిలో పడుకున్నాను. పెదవి కూడా వాచి ఉంటే చర్మవ్యాధుల డాక్టరమ్మను పిలిచారు. చిన్న వయసామె. నా చీటీలన్నీ చదివి, "మీ ఇంట్లో గొంతు వాచి చనిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. అన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. రక్తం తీసి మద్రాసు పంపించారు. ఫలితం వచ్చాక ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఇది అలర్జీ కాదండీ. రొయ్యలకూ దీనికీ సంబంధం లేదు. అమ్మగారి వైపు నుంచి వచ్చినట్టుంది. ఈ జబ్బున్నవాళ్ళ పిల్లలకు సగానికి సగం వచ్చే అవకాశం ఉంటుంది. మీకు పిల్లలు లేరన్నారు, మీ అక్కగారికీ, వాళ్ళ పిల్లలకూ తప్పకుండా పరీక్ష చేయించండి. గొంతు దాకా రాకముందే తెలియాలి."

ఆ రోజు సాయంత్రం మా ఆవిడ చేత రొయ్యలు వండించుకుని తిన్నాను. నలభై ఏళ్ళు దూరంగా పెట్టిన కూర. బాగానే ఉంది. అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

చేయి కడుక్కుంటుంటే అక్క జ్ఞాపకం వచ్చింది. రొయ్య తప్పు లేదంటే అక్క తప్పూ లేదు.

వెంటనే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. ముందు మందు సంగతి తేలనీ అనుకున్నాను. ఈ సూది దొరకడం సులువు కాదు. లక్షల ఖరీదు, సర్కారు సాయం కోసం ఆ ఆఫీసుకూ ఈ ఆఫీసుకూ పదకొండు అర్జీలు పెట్టాను. ఒకదానికి బదులు రాకపోతే ఇంకొకటి, దాని కింద పాతవాటి తేదీలు. నా సంతకం చూస్తేనే తల పట్టుకునేవాళ్ళు ఒకరిద్దరు తయారయ్యారు. చివరికి మందు వచ్చింది. నెలకు రెండు మూడుసార్లు వాచేవాణ్ణి, మొదటి ఏడాదంతా కలిపి రెండుసార్లే వాచాను. నాకోసం పదకొండు ఉత్తరాలు రాసినవాణ్ణి అక్కకు ఒక్క ఫోన్ చెయ్యలేకపోయాను. చెప్పాలంటే పదకొండో రోజు అన్న మాట దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. నేను వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ, "మీ అక్కగారికి చెప్పారా?" అని అడిగేది. "చెప్తానమ్మా" అనేవాణ్ణి. మూడేళ్ళు అలా గడిచాయి.

మొన్న వేసవిలో బావ ఫోన్ చేశాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళది, ఇంటరు చదువుతోంది.

"బిడ్డకి మొగమంతా వాచిపోయిందయ్యా. కళ్ళు కూడా తెరవలేకపోతుండాది. అలర్జీ సూది వేయిస్తే ఏమీ తగ్గలా."

"ఏం తినింది బావా?"

"మా ఇంట్లో రొయ్య వండంగదా. కాలేజీలో ఎవురి క్యారియర్లోనో చెయ్యి పెట్టుంటాది." గొంతు తగ్గించి, "నీకాడ ఏందో సూది ఉండాదంట గదా. ఒకటిస్తావా?" అన్నాడు.

"అది వచ్చినదాన్ని తగ్గించదు బావా. రాకముందు వేసుకునేది. డాక్టరు చెప్పకుండా వెయ్యకూడదు."

"సరేలే" అని ఫోన్ పెట్టేశాడు. ఆ "సరేలే" నాకు తెలుసు. ఇవ్వడం ఇష్టం లేక చెబుతున్నానని అర్థం. నేను చెప్పింది నిజమే, అయినా నిజం చెప్పి కూడా పిసినారినయ్యాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మైపాడు వెళ్ళాను.

అక్క వంటింట్లో పీట మీద కూర్చుని తోటకూర వలుస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"సూది ఇచ్చేదానికొచ్చినావా, లేదని చెప్పేదానికొచ్చినావా?"

"బిడ్డకి రక్తపరీక్ష చేయించాలక్కా. నీకూ చేయించాల."

"దేనికి? దానికి రొయ్య పడదు, నీకు మాదిరే. మా ఇంటికి రొయ్య వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

"రొయ్య కాదక్కా. నాకూ రొయ్య వల్ల కాదు. ఇది అమ్మ రక్తంలోంచి వచ్చిన జబ్బు. అమ్మ పోయింది దీంతోనే, నీ కూరతో కాదు."

అక్క చేతిలో కాడ అలాగే ఉంది. "ఇది నీకెప్పుడు తెలిసింది?"

ఆ ప్రశ్న వస్తుందని బస్సులో దారంతా అనుకుంటూనే వచ్చాను. అబద్ధం ఒకటి సిద్ధం చేసుకున్నాను కూడా. నోటికి రాలేదు.

"మూడేళ్ళయింది."

ఆమె కాడ తుంచి గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకుంది. 

"పద్నాలుగేళ్ళు అమ్మను చంపినదాన్ని నేను. అందులో మూడేళ్ళు కాదని తెలిసి కూడా గమ్మునుండావు."

"తప్పే."

"ఆ మాట వంటింట్లో చెప్తుండావే? అన్నప్పుడు ఆకుల ముందర అన్నావు గదా. మీ షెడ్డాయన గదిలో చెప్తానంటే ఒప్పుకున్నావా నువ్వు?"

నేను కింద పడిన తోటకూర ఆకు ఒకటి తీసి గిన్నెలో వేశాను.

"అమ్మ సంవత్సరీకానికి ఇంకా మూడు వారాలుండాది. ఆ పొద్దు విన్నోళ్ళు అందరూ వస్తారు. వాళ్ళ ముందర చెప్పు. మర్నాడే బిడ్డని పంపిస్తా."

నాకు కోపం వచ్చింది. "ఈ మూడు వారాల్లో దానికి గొంతుకొస్తే?"

"మూడేళ్ళు రాలేదుగా అని ఆగినోడివి. మూడు వారాలు ఆగలేవా?"

గుమ్మంలో వాచిన మొహంతో నిలబడి మా మేనకోడలు అంతా వింటోంది. ఒక కన్ను ఇంకా సరిగా తెరుచుకోలేదు. "నా రక్తానికి మీరిద్దరూ బేరమాడుకుంటుండారు మామా" అంది. ఇద్దరం తల వంచుకున్నాం. కానీ ఇద్దరిలో ఎవరం మాట మార్చుకోలేదు.

నేను చెయ్యగలిగింది ఒక్కటే చేశాను. గొంతు మారినా, మింగడం కష్టమైనా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పి, అక్కడ చూపించడానికి డాక్టరమ్మ చేత ఒక కాగితం రాయించి బావ చేతిలో పెట్టాను. మూడు వారాలూ రోజూ పొద్దున్నే ఫోన్ చేశాను. "బాగుండాదిలే" అనేవాడు బావ. ఒకరోజు, "వేళ్ళు వాచినాయి, రికార్డు రాయలేకపోయింది" అన్నాడు. ఆ రోజు షెడ్డులో కౌంటు మూడుసార్లు తప్పు రాశాను. ముందే చెప్పెయ్యాలని బంధువుల్లో ఒకరిద్దరికి ఫోన్ చెయ్యబోయి ఆగిపోయాను. విడివిడిగా చెబితే అక్క ఒప్పుకోదు. నేనైనా ఒప్పుకోను.

అమ్మ సంవత్సరీకం నాడు పాతిక మంది దాకా వచ్చారు. తొమ్మిదేళ్ళప్పుడు నా గడ్డం పట్టుకుని చూసిన మేనత్త కూడా వచ్చింది. చూపు ఆనదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. ఫోటో ముందు అమ్మకు ఆకు వేశారు. అన్నం, గారెలు, పులుసు పెట్టారు. హారతి ఇవ్వబోతుండగా నేను నిలబడ్డాను. జేబులో రాసుకొచ్చిన కాగితం ఉంది. తీయలేదు.

"ఒక మాట చెప్పాలి. పద్నాలుగేళ్ళ కిందట ఇక్కడే నేనొక మాట అన్నా."

"ఇప్పుడెందుకబ్బయా అయ్యన్నీ, పులుసు చల్లారిపోతాది" అన్నాడు ఒక చిన్నాన్న.

"చల్లారనీ. అమ్మ పోయింది మా అక్క కూరతో కాదు. అమ్మకి పుట్టుకతో వచ్చిన జబ్బుండింది. అదే నాకూ ఉంది. రొయ్యకీ దానికీ సంబంధం లేదు. నేనన్నది తప్పు. మూడేళ్ళ నుంచి తెలిసీ చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు."

అందరూ అక్క వైపు తిరిగారు. మేనత్త మాత్రం, "అయితే నీకు రొయ్య పడతాదంట్రా?" అంది.

"పడతాది అత్తా."

"మరి నేను చెప్పిందేంది?"

"నువ్వు చెప్పింది తప్పు."

"ఎన్నాళ్ళకి చెప్పినావురా" అని ఆమె నొచ్చుకుంది. నేను నలభై ఏళ్ళు నొచ్చుకున్న సంగతి ఆ పూట ఆమెకు చెప్పలేదు. ఆ రోజు అక్కది.

అక్క లోపలికి వెళ్ళింది. పద్నాలుగేళ్ళ కిందట వెళ్ళినట్టే వెళ్ళింది. ఈసారి తిరిగి వచ్చింది, చేతిలో గిన్నెతో. రొయ్యల కూర. అమ్మ ఆకులో, చేపల పులుసు పక్కన ఖాళీగా వదిలిన చోట, రెండు గరిటెలు పెట్టింది. పొద్దున్నే వండి దాచిందన్నమాట. నేను నోరు తెరవకపోయి ఉంటే ఆ గిన్నె ఏమయ్యేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత బంతిలో నా ఆకు దగ్గరికి వచ్చి వడ్డించింది. పక్కకు పోకుండా అక్కడే నిలబడింది. "తిను" అంది. బంతిలో సగం మంది చేతులు ఆగిపోయాయి. మా ఆవిడ నా వైపు చూసింది. మళ్ళీ సూది వేసుకోవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఈ మందు వేసుకుంటున్నా ఎప్పుడో ఒకసారి వాపు రావచ్చునని నాకు తెలుసు. ఆ ఒక్కసారి ఆ పూటే వస్తే, ఏ డాక్టరు చెప్పినా ఈ పాతిక మంది ఇక నమ్మరు, పరీక్షకు బిడ్డనూ పంపరు. తిన్నాను. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. వచ్చినవాళ్ళు వచ్చి నా పెదవి చూసి పోయారు. ఏమీ రాలేదు.

అక్క మాట నిలబెట్టుకుంది. మర్నాడు పొద్దున నెల్లూరు బస్టాండులో తల్లీకూతుళ్ళిద్దరూ దిగారు. ఇద్దరి రక్తమూ తీశారు. రెండు వారాలకు ఫలితం వచ్చింది. ఇద్దరికీ ఉంది. అక్కకు అప్పుడప్పుడు కాళ్ళు వాచేవి, పొయ్యి దగ్గర నిలబడినందుకనుకునేదట. ఫలితం నేను ఫోన్లో చెబితే ఆమె ఏడవలేదు. "బిడ్డకి ముందు ఆ సూది తెప్పించు. నాకు తర్వాత చూద్దాం" అంది. పెట్టేసే ముందు, "మూడేళ్ళ ముందర తెలిసుంటే ఈ పొద్దుకి సూది వచ్చుండేది" అని కూడా అంది. ఆ మాట ప్రతి ఫోన్లోనూ వస్తుంది. రావలసిందే. అందరి ముందు చెప్పినంత మాత్రాన ఆమె మరిచిపోవాలని ఎక్కడా లేదు. షెడ్డాయన చెప్పాక నేను మాత్రం మరిచిపోయానా?

సూది వచ్చేదాకా డాక్టరమ్మ మేనకోడలికి మాత్రలు రాసింది. గొంతుకు వస్తే ఏం చెయ్యాలో కాగితం రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి కాలేజీ సంచీలో ఉంచమంది. పోయిన ఆదివారం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది, ఎలా వేసుకోవాలో చూడ్డానికి. బల్ల ముందు కూర్చుని పావుగంటా నాతోపాటు సూది వైపే చూసింది.

"నొప్పి పుడతాదా మామా?"

"పుడతాది."

"పుట్టదని చెప్పొచ్చు గదా."

"చెప్తే మళ్ళీ మీ అమ్మ మూడేళ్ళంటాది."

నవ్వింది. నేను పొడుచుకుంటుంటే మొహం తిప్పుకోలేదు. అయిపోయాక క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి నా తేదీ చుట్టూ తనే సున్నా చుట్టింది. అది కాస్త వంకరగా వచ్చింది.

మేనకోడలి పేరు మీద నాలుగు అర్జీలు పెట్టాను. మొదటి మూడింటికి జవాబు లేదు. నాలుగోదానికి కాగితాలు సరిపోలేదని వచ్చింది, ఏ కాగితమో రాయలేదు. ఒంట్లో ఓపిక తగ్గింది, అక్షరాలు కూడా మునుపటిలా రావడం లేదు. ఐదోది రాస్తున్నాను. దాని కింద నాలుగింటి తేదీలూ వేస్తున్నాను.